తీసేసిన చప్పుడు

పోయిన వారం మనం ర్యాప్ పాటలు పాడే చిటికెనను మేడ మీద గదిలో ఒంటరిగా వదిలి వచ్చాం. ఆమె పాటలకు మిక్సింగ్ చేసే సున్నా పోట్లాడి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అన్ని మీటలూ సున్నా దగ్గర పెట్టిగానీ పని మొదలుపెట్టడు గనక అతనికి ఆ పేరు. ఆ కోపంలో తన హెడ్‌ఫోన్లు గోడ మేకుకే ఉంచి మరిచిపోయాడు. 'అమ్మ గొంతు' పాట శుక్రవారం విడుదల కావాలి. అందులోంచి ఒక్క నిమిషం ముక్కను చిటికెన ఆదివారమే నెట్‌లో పెట్టింది. బుధవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే, డెబ్భై దాటిన ఒకావిడ గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటోంది.

"మంచినీళ్ళిస్తావా, అమ్మాయ్? ఇరవై రెండు మెట్లు. లెక్కపెట్టా" అంది ఆవిడ.

ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. చిటికెన దానిమీది వైర్లు తీసి ఆవిడని కూర్చోబెట్టింది. గొంతు రికార్డు చేసే గది గనక గోడలనిండా పాత దుప్పట్లు వేలాడుతుంటాయి, ఫ్యాను వెయ్యరు. లోపల ఉక్క. ఆవిడ చెంగుతో మెడ తుడుచుకోవడం చూసి చిటికెన ఫ్యాను వేసింది. పాతకాలపు ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది.

ఆవిడ నీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "నువ్వేనా ఆ పాటల పిల్లవి?" అంది.

"నేనేనండి."

"అయితే ఒక్క మాట అడిగి పోతా. నేనెప్పుడు చచ్చిపోయాను తల్లీ?"

చిటికెనకి అర్థం కాలేదు. ఎవరో మతి తప్పిన పెద్దావిడ దారి తప్పి వచ్చిందేమోనని, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఎలా అడగాలా అని ఆలోచిస్తోంది.

"మా మనవరాలు ఫోన్లో చూపించింది. నా గొంతు వినపడుతోంది. కింద 'ఇరవై నాలుగేళ్ళ క్రితం పోయిన మా అమ్మ గొంతు, నా మొదటి గురువు' అని రాసుంది. నా గొంతు నాకు తెలీదా? అద్దంలో చూసుకున్నా. బాగానే ఉన్నాననిపించింది. ఎందుకైనా మంచిదని అడగడానికి వచ్చా."

ఆవిడ నవ్వుతూనే అంది. ఆ మాటల్లో కోపం ఉంటే చిటికెనకి సులువయ్యేది. కోపానికి ఎదురుపడి మాట్లాడటం ఆమెకు బాగా వచ్చు.

"అది మా అమ్మ గొంతండీ. మా ఇంట్లో టేపులోది. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. మా అమ్మ టైపు నేర్పేది."

"మీ అమ్మ టైపు నేర్పేదా?" అంది ఆవిడ మెల్లగా. తరువాత కళ్ళు మూసుకుని, ఒడిలో రెండు చేతులూ వేళ్ళు వంచి పెట్టుకుని అందుకుంది.

"చిటికెన, ఉంగరం, నడిమి, చూపుడు. చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన. బొటనవేలితో ఖాళీ. వేళ్ళు చూడొద్దు. కాగితం చూడు. గంట మోగితే తోసెయ్. మళ్ళీ చిటికెన..."

గొంతు అరిగింది. ఊపిరి మధ్యలో తెగుతోంది. కానీ 'నడిమి' దగ్గర ఆ చిన్న ఒత్తు, 'ఖాళీ' అనేటప్పుడు దీర్ఘం కాస్త సాగి కిందికి దిగడం, అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

చిటికెనకి ఆవలింత వచ్చింది.

ఆమె గాభరాగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాళ్ళ కింద నేల కదిలిపోయే మాట వింటూ ఎవరైనా ఆవలిస్తారా? కానీ ఒంటికి ఆ సంగతి తెలియదు. మూడో ఏట నుంచి పదకొండో ఏట దాకా ప్రతి రాత్రీ ఆ పాఠం వింటూనే నిద్రపోయిన ఒళ్ళు అది. ఇప్పుడు ఈ పరాయి ముసలావిడ ఒడిలో తల పెట్టుకోవాలనిపిస్తోంది. అలా అనిపించినందుకు ఒళ్ళు మండుతోంది కూడా. రెండిట్లో ఏది నిజమో ఆమెకే తెలియలేదు.

ఆ టేపు ఆమెకి ఏమిటో చెప్పాలి. ఆమె వెనక ఏ కంపెనీ లేదు. పాట రాసేది, పాడేది, రికార్డు చేసేది, కవర్లు అంటించేది అంతా తనే. చిటికెన అనే పేరు కూడా ఆ పాఠంలో మొదటి మాటే. పార్సెల్ ఆఫీసులో పనిచేసే నాన్న తెచ్చే పాత రసీదుల వెనక రాస్తుంది. రాసినదాన్ని వేళ్ళ మీద లెక్కపెడుతూ బల్ల మీద తడుతుంది. చిటికెనవేలితో మొదలై బొటనవేలితో ఆగితే ఆ వరుస నిలిచినట్టు. లేకపోతే కొట్టేస్తుంది. దూరదేశాల ర్యాపర్లని ఎంతమందిని విన్నా, చిన్నప్పుడు పార్సెల్ ఆఫీసులో కూర్చుని బరువులు చదివే కేకలు ఎన్ని విన్నా, అన్నిటినీ ఆ ఏడు నిమిషాల పాఠం పక్కన పెట్టి కొలిచేది. ఎవరు అడిగినా ఒకటే చెప్పేది: 'నాకు మాట్లాడటం రాకముందే మా అమ్మ నాకు తాళం నేర్పింది.'

"మా అమ్మ మీ దగ్గర నేర్చుకుందేమో. మీలాగే చెప్పడం అలవాటై ఉంటుంది" అంది చిటికెన. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"నేర్చుకోడానికి చాలామందే వచ్చారు. మీ అమ్మ ఎవరో చెబితే కదా నాకు తెలిసేది? మీ నాన్న ఏం చేస్తారు?"

చెప్పనవసరం లేకపోయింది. భోజనానికి వచ్చిన నాన్న, పైన మాటలు విని మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. ముప్పై ఏళ్ళు పార్సెళ్ళు తూచిన మనిషి; ఏ బరువు చేతికి ఎంత ఉంటుందో చూపుతోనే చెప్పగలడు. కుర్చీలోని మనిషిని చూసి ఒక్క క్షణం అలాగే నిలబడి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"టీచరుగారూ" అన్నాడు.

చిటికెన ఆయన ముఖం చూసింది. ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. అయినా అడిగింది.

"నీకు తెలుసు కదూ?"

"తెలుసమ్మడూ."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేముంది, మొదట్నుంచీ." ఆయన దుప్పటి గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నాడు. "అమ్మ పోయాక మూడు వారాలు నువ్వు నోరు విప్పలేదు. తినేదానివి, పడుకునేదానివి, మాట్లాడేదానివి కాదు. ఒకరోజు ఆ టేపు పెట్టా. నీకోసం కాదు, నాకోసమే. మీ అమ్మ టైపు మిషను చప్పుడు వినాలనిపించి. నువ్వొచ్చి టేపురికార్డరు మీద చెయ్యేసి 'అమ్మ' అన్నావు. నవ్వావు కూడా."

"కాదని చెప్పలేకపోయావా?"

"నువ్వయితే చెప్పేదానివా?"

ఆమె ఇందాక కుర్చీ మీంచి తీసిన వైర్లు చుట్టసాగింది.

"రేపు చెబుదాంలే అనుకున్నా. పెద్దయ్యాక చెబుదాంలే అనుకున్నా. తర్వాత నువ్వు స్టేజీ ఎక్కి అందరికీ చెప్పడం మొదలెట్టావు. ఇంక నా రేపు ఎటు పోయిందో నాకే తెలీలేదు."

టీచరుగారు ఆయన్నే చూస్తోంది. "భలేవాడివయ్యా! పిల్లకి గొంతు అప్పిచ్చానని నాకొక ఉత్తరం ముక్కైనా రాయకపోయావా?" అంది. ఆయన నవ్వలేక నవ్వాడు. ఆ ఒక్క మాటతో గదిలో గాలి కాస్త తేలికైంది. పెద్దవాళ్ళు అప్పుడప్పుడు ఇలాంటి మేలు చేస్తుంటారు. చేసినట్టు కూడా ఉండదు.

"ఇంతకీ నాకు తెలీనిదొకటుంది" అందావిడ చిటికెన వైపు తిరిగి. "నా గొంతొక్కటే వినపడిందేం? ఆ టేపు చేసిన రోజు క్లాసులో తొమ్మిది మిషన్లు ఆడుతున్నాయి. వర్షం పడ్డట్టుండేది. ఆ చప్పుడంతా ఏమైంది?"

"తీసేశానండి."

"తీసేశావా?"

"సాఫ్ట్‌వేర్ ఉంటుంది. గొంతుని ఉంచి మిగతా చప్పుడంతా తీసేస్తుంది. అమ్మ గొంతు శుభ్రంగా వినపడాలని..." ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. సున్నాతో గొడవ దీనిమీదే. 'ఆ చప్పుడు తియ్యకు, దాని ఊపిరి అదే' అన్నాడతను. 'నా పాటకి నీ చెవులు అక్కర్లేదు' అంది తను.

నాన్న తల ఎత్తాడు. విడుదల కాకముందు పాట మొత్తం ఎవరికీ వినిపించకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఆయన నెట్‌లో పెట్టిన ముక్క కూడా వినకుండా శుక్రవారం కోసమే ఎదురుచూస్తున్నాడు.

"మిషను చప్పుడు లేదా, అమ్మడూ?"

"లేదు నాన్నా."

"పోనీలే" అన్నాడాయన. అనేసి తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని చిటికెనకి ఈ రోజు రెండోసారి అనిపించింది.

టీచరుగారు కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. "వరసలో చివరి మిషను మీ అమ్మది, కిటికీ పక్కన. అప్పటికి ఆమెకి నిండు నెలలు. పొట్ట మిషనుకి తగులుతుందని కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు బారగా చాపి కొట్టేది. ఇంటికెళ్ళి పడుకోవే అంటే, ఇది పుట్టాక నాకు తీరికెక్కడిదండీ అనేది. మహా తొందర మనిషి! నా నోటికంటే దాని వేళ్ళు ముందుండేవి. లైను అయ్యేసరికి అందరి గంటలూ ఒకేసారి మోగాలి కదా. దీని గంట ఒక్కటే ముందు టింగుమనేది. మోగించి పకపకా నవ్వేది. 'చివరి మిషనూ, ఆగు!' అని అరిచేదాన్ని. ఆ టేపులో కూడా అరిచాననుకుంటా. ఇంట్లో సాధన చేసుకోమని అందరికీ తలా ఒక టేపు ఇచ్చా."

చిటికెన బల్ల పట్టుకుంది.

ఒక్కో మాటా వచ్చి ఒక్కో చోట కూర్చుంటోంది. కూర్చున్నచోట ముందే ఉన్నవాటిని లేపేస్తోంది. ఆ 'ఆగు' ఆమె కొత్త పాటకి ప్రాణం. ముందున్న రెండు మాటలూ కోసేసి 'ఆగు' ఒక్కటీ పల్లవిలో పెట్టుకుంది. అమ్మ తనతోనే అంటున్నట్టు వినేది ఇన్నేళ్ళూ. ఆ అరుపు అమ్మ మీదే. ఇక తాళం సంగతి. ప్రతి వరుసా బీటుకంటే వెంట్రుకవాసి ముందే ముగించి, బీటు వచ్చేదాకా నిలబడటం ఆమె పద్ధతి. సున్నా రెండేళ్ళు సరిదిద్దాలని చూసి వదిలేశాడు. అది ఎక్కడిదో ఆమెకే తెలిసేది కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నవ్వు ఒక ఎత్తు.

"ఆ నవ్వు..." అంది.

టేపులో ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. అయిదో నిమిషం దాటాక వస్తుంది. చిన్నప్పుడు దానిమీద ఎంత కోపమో! అమ్మ పాఠం చెబుతుంటే ఎవరో లెక్కలేకుండా నవ్వుతున్నారని. పద్నాలుగో ఏట, ఒక రసీదు వెనక, జీవితంలో మొట్టమొదటిసారి రాసిన వరుసలు ఆ నవ్విన మనిషి మీదే:

పాఠం నడుస్తుంటే పకపక నవ్విందెవతి?
పక్కకి రా, నీ పళ్ళు లెక్కపెడతా, పేరేమిటి?

ఆ పాటే ఆమెకి పేరు తెచ్చింది. ఎక్కడ పాడినా చివర్లో అదే కావాలంటారు. ఆమె మైకు జనం వైపు చాపుతుంది, జనం అంతా కలిసి 'నవ్విందెవతి?' అని అరుస్తారు. పోయిన నెల ఎనిమిది వందల మంది అరిచారు.

"నవ్విందెవతి అని మా మనవరాలు ఇల్లంతా అరుస్తూ తిరుగుతుంది" అంది టీచరుగారు. ఆవిడకి సంగతి తెలియదు. చెబుతూ చెబుతూ తండ్రీకూతుళ్ళ ముఖాలు చూసి ఆగిపోయింది.

చిటికెన నాన్న వైపు తిరిగింది. ఆయన ప్రతి ప్రోగ్రాంకీ వస్తాడు, వెనక వరసలో నిలబడతాడు. ఆ పాట మొదలవగానే మంచినీళ్ళకని బయటికి వెళ్తాడు. మోత భరించలేక వెళ్తున్నాడనుకునేది.

"అందుకేనా బయటికి వెళ్ళేవాడివి?"

"దాహం వేసేదమ్మడూ" అన్నాడు నాన్న.

అబద్ధం చెప్పడం ఇరవై నాలుగేళ్ళయినా ఆయనకి సరిగా రాలేదు.

ఫ్యాను కిర్రుమంటూనే ఉంది. చిటికెనకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నాన్న మోసం చేశాడనాలా? ఆ మోసం లేకపోతే తను నోరే విప్పేది కాదేమో. ఈవిడ తన అమ్మని తీసుకుపోయిందనాలా? తీసుకుపోయిన చేత్తోనే ఇంకో అమ్మని తెచ్చి ముందు పెట్టింది. తొందర మనిషిని, నవ్వే మనిషిని. ఆ మనిషినే తను వెతికి వెతికి, పూసపూసగా ఏరి తీసేసింది.

"ఇప్పుడేం మునిగిపోయింది?" అంది టీచరుగారు. "ఆ చప్పుడు మళ్ళీ పెట్టెయ్. టేపుందిగా?"

"అవును, టేపుందిగా!" అన్నాడు నాన్న. ముఖంలోకి వెలుగొచ్చింది. "తియ్యమ్మడూ. విందాం."

చిటికెన కదల్లేదు. కంప్యూటర్‌లో ఆ చప్పుడు లేదు. శుభ్రం చేసిన పాఠాన్ని అదే పేరుతో అసలుదాని మీదే భద్రం చేసింది. ఇక టేపు.

"కోసేశాను" అంది.

"ఏం కోశావు?"

"టేపుని. అరిగిపోయింది, ఇంక ఎన్నాళ్ళో ఆడదనుకున్నా. పాఠం ఉన్నంత మేరా జానెడు జానెడు ముక్కలు చేశా. నూరు ముక్కలు. కొత్త పాట కోసం మొదట పేర్లు ఇచ్చిన నూరుమందికి చేతితో చేసిన కవర్లు పంపిస్తానన్నా కదా. ఒక్కో కవర్లో ఒక్కో ముక్క అతికించా. గుర్తుగా ఉంటుందని."

"ఆ గోధుమరంగు రిబ్బనా? అలంకారం అనుకున్నా" అన్నాడు నాన్న.

"కవర్లున్న పెట్టె ఎక్కడ నాన్నా?" చిటికెన బల్ల కిందికి వంగి చూసింది. నిన్న కట్టి పెట్టిన అట్టపెట్టె అక్కడ లేదు. సాయంత్రం తనే తీసుకెళ్ళి పంపాలనుకుంది.

నాన్న లేచి నిలబడ్డాడు. పరీక్షలో తప్పు రాసిన పిల్లాడిలా ఉన్నాడు.

"పొద్దున్నే పట్టుకెళ్ళా. ఎలాగూ నేను వెళ్ళే ఆఫీసేగా, నీకు శ్రమ తగ్గుతుందని. తొంభై నాలుగు పదింటి బండికి వెళ్ళిపోయాయి. ఊళ్ళోవి ఆరు. అవి దారిలోనే కదా అని నేనే ఇంటింటికీ ఇచ్చేశా."

"ఊళ్ళోవి కూడానా? సున్నాది?"

"ఇచ్చా. టీ పెట్టి ఇచ్చాడు పాపం. నువ్వెలా ఉన్నావని అడిగాడు. హెడ్‌ఫోన్లు కూడా పట్టుకెళ్దామనుకున్నా, నీకు కోపం వస్తుందని ఊరుకున్నా."

చిటికెన నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయింది. నూరు ముక్కల్లో ఆ నవ్వు ఎక్కడుందో ఎవరూ వెతకనక్కర్లేదు. ఆమెకి తెలుసు. నూరుమంది జాబితాలో అందరితోపాటు సున్నా కూడా పేరు ఇచ్చాడు. అది చూసి కసి పుట్టింది. టేపు ఆడించి, నవ్వు దగ్గర ఆపి, కొలిచి మరీ ఆ ముక్క కోసింది. టేపు మొత్తంలో అన్నిటికంటే గోలగా ఉన్న ముక్క. అతని కవర్లో పెట్టి, ఒక చీటీ రాసింది:

'చప్పుడంటే ప్రాణం కదా. నువ్వే ఉంచుకో.'

ఆ చీటీ సంగతి ఇద్దరికీ చెప్పింది. టీచరుగారు వెంటనే, "ఫోన్ చెయ్యి తల్లీ. అభిమానం తర్వాతయినా పడొచ్చు" అంది.

ఫోన్ చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేసరికి ఎత్తాడు.

"తిట్టడానికయితే సాయంత్రం చెయ్యి. పనిలో ఉన్నా" అన్నాడు సున్నా.

నిమిషానికి రెండు వందల మాటలు పలికే మనిషికి రెండే దొరికాయి. "ఆ ముక్క..." అంది చివరికి.

"పారేద్దామనే తీశా."

చిటికెన కళ్ళు మూసుకుంది.

"మనసు రాలేదు. ఇంకో క్యాసెట్‌లో అతికించి ఆడించా. నాలుగు సెకన్లుంది. పొద్దుట్నుంచి అదే వింటున్నా. నీ పాటలో తిట్టేది ఈవిడనేగా?"

"ఊఁ."

"నవ్వాక ఒక మాటంటుంది. అదేమిటో నీకు తెలుసా?"

"మాటేమీ లేదు. ఆ టేపు నాకు నోటికి వచ్చు."

"ఉంది. ఆ 'ఆగు' అనే అరుపు కింద పడిపోయింది. మెల్లగా ఆ అరుపుని తగ్గించుకుంటూ వచ్చా, ఇప్పుడు వినపడుతోంది. పైకి అన్నట్టు లేదు, చిటికెనా. తల బాగా కిందికి వంచి, ఒళ్ళో ఉన్న ఎవరితోనో అన్నట్టుంది."

ఫోన్ స్పీకర్లో ఉంది. టీచరుగారి చేతులు ఒడిలో వేళ్ళు వంచినవి వంచినట్టే ఆగిపోయాయి.

"ఉన్నావా?" అన్నాడు సున్నా. "పెట్టనా?"

చిటికెన నాన్న వైపు చూసింది. ఆయన అప్పటికే ఫ్యాను ఆపడానికి స్విచ్చి దగ్గరికి నడుస్తున్నాడు.